ప్రాచీనుల విశ్వ నమూనాలు: అపోహలు - వాస్తవాలు

నేను నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను, వీలున్నప్పుడల్లా చుట్టుపక్కల ఉన్నత పాఠశాలలకు వెళ్ళి ఖగోళం గురించి మాట్లాడతాను. అక్కడ ఎక్కువగా వినిపించేవి రెండు మాటలు: పూర్వులకు ఏమీ తెలియదని ఒకటి, వారికి అన్నీ ముందే తెలుసని మరొకటి. ఈ రెండింటి వల్లా వారు నిజంగా చేసిన పని మరుగున పడుతున్నదన్నది నా బాధ. ఒక నమూనా ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టింది, ఏ పరిశీలన మీద నిలబడింది అని విచారిస్తే తప్ప దాని విలువ తేలదు.

అపోహ: కొలంబస్ కాలం దాకా లోకమంతా భూమి బల్లపరుపుగా ఉందనే నమ్మింది.

వాస్తవం: క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ భూమి గోళమని వాదించాడు. చంద్రగ్రహణంలో చంద్రునిపై పడే భూఛాయ అంచు ఎప్పుడూ వంపు తిరిగే ఉంటుందని, ఉత్తర దక్షిణాలుగా కొంత దూరం ప్రయాణిస్తే కనిపించే నక్షత్రాలు మారుతాయని ఆయన కారణాలు చూపాడు. మన దేశంలో ఈ విషయంపై రెండు ధారలు పక్కపక్కనే సాగాయి. పురాణాలు మేరువు చుట్టూ సప్త ద్వీపాలను, సప్త సముద్రాలను వర్ణిస్తే, ఖగోళ గణితాన్ని చెప్పే సిద్ధాంత గ్రంథాలు ఆకాశంలో నిరాధారంగా నిలిచిన భూగోళాన్ని లెక్కించాయి. వృత్త పరిధిలో నూరవ భాగం తిన్నగా కనబడుతుంది కనుకనే ఇంత పెద్ద భూమి మనకు చదునుగా తోస్తుందని, భూమిని మోసేవాడొకడు ఉంటే వాడిని మోసేదెవరన్న ప్రశ్నకు అంతుండదని 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో వివరించాడు. భూమికి ఆకర్షణ శక్తి ఉందని కూడా ఆయన అన్నాడు, కానీ ఆ శక్తి దూరాన్ని బట్టి ఎంత తగ్గుతుందన్న లెక్క అక్కడ లేదు కాబట్టి దాన్ని న్యూటన్ సూత్రంతో సమానమనడం సరికాదు.

అపోహ: గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ కర్ర నీడతో భూమి గుండ్రంగా ఉందని నిరూపించాడు.

వాస్తవం: సైన్స్ ప్రదర్శనల్లో ఎంతో ఉత్సాహంగా చెప్పే మాట ఇది, అందుకే దీని దగ్గర కాస్త ఆగాలి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో, ఈజిప్టులోని సైనీ నగరంలో సూర్యుడు నడినెత్తికి వచ్చే రోజున అలెగ్జాండ్రియాలో సూర్యుడు నడినెత్తి నుంచి వృత్తంలో యాభయ్యో వంతు, అంటే 7.2 డిగ్రీలు, వాలి ఉన్నట్టు నీడ వల్ల తెలిసింది. రెండు ఊళ్ళ మధ్య దూరం 5,000 స్టేడియాలు (అప్పటి గ్రీకు దూర కొలమానం) గనుక భూమి చుట్టుకొలత 2,50,000 స్టేడియాలని తేలింది. అయితే భూమి గోళమని, సూర్యకిరణాలు సమాంతరంగా వస్తాయని ఆయన ముందే అంగీకరించి లెక్క మొదలుపెట్టాడు. ఆయన కొలిచింది భూమి పరిమాణాన్ని, ఆకారాన్ని కాదు.

ఇదే లెక్కను మన ఊళ్ళకు వర్తింపజేసి చూడండి. మే 8 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నల్లగొండలో నిలువుగా పాతిన మీటరు కర్రకు నీడ దాదాపు ఉండదు, అదే రోజు ఆదిలాబాద్‌లో అలాంటి కర్రకే సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల నీడ పడుతుంది. రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 290 కిలోమీటర్లు. భూమి గోళమనుకుంటే ఈ కొలతల నుంచి దాని వ్యాసార్ధం ఇంచుమించు 6,400 కిలోమీటర్లని వస్తుంది. భూమి చదునని, సూర్యుడు దగ్గరలోనే ఉన్నాడని అనుకుంటే, అవే కొలతల నుంచి సూర్యుని ఎత్తు ఇంచుమించు అంతే వస్తుంది! ప్రాచీన చైనా గ్రంథం జౌబిలో జరిగింది సరిగ్గా ఇదే: ఎనిమిది చీల (చీ అంటే అప్పటి చైనా పొడవు కొలత) కర్ర నీడను ఆధారం చేసుకుని, భూమిని చదునుగా భావించి, సూర్యుడు 80,000 లీల (లీ అంటే అక్కడి దూర కొలత) ఎత్తున ఉన్నాడని లెక్కగట్టారు. గణితంలో పొరపాటు లేదు, భేదమంతా తొలి ఊహలోనే ఉంది. చాలా దూరాన ఉన్న మూడో ఊరి నీడను కూడా కలిపినప్పుడే ఈ రెండు ఊహల్లో ఏది నిలుస్తుందో తేలుతుంది. పిల్లలతో ఈ ప్రయోగం చేయించే ఉపాధ్యాయులు ఈ సంగతిని దాటవేయవద్దని నా మనవి.

అపోహ: భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని ఆర్యభటుడు చెప్పాడు.

వాస్తవం: ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో చెప్పింది భూభ్రమణాన్ని, అంటే భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని. పడవలో ముందుకు సాగేవానికి కదలని వస్తువు వెనక్కి పోతున్నట్లు కనిపించినట్లే, లంకలో (భూమధ్యరేఖపై ఉన్నట్లు గణకులు భావించిన చోటు) ఉన్నవానికి కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్లు కనిపిస్తాయని ఆయన రాశాడు. 43,20,000 సంవత్సరాల మహాయుగంలో భూమి 1,58,22,37,500 సార్లు తిరుగుతుందని అంకె కూడా ఇచ్చాడు. దాని ప్రకారం ఒక్కో భ్రమణానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. ఆ కచ్చితత్వం ముందు ఎవరైనా తల వంచాల్సిందే. కానీ ఆయన గ్రహ గణితానికి కేంద్రం భూమే. కుజ, గురు, శని గ్రహాలకు శీఘ్రోచ్చం (గ్రహస్థానాన్ని సవరించడానికి వాడే ఊహా బిందువు) సూర్యుని గతితోనే నడుస్తుంది కాబట్టి, ఆ లెక్కలో సూర్యకేంద్ర ఛాయలు నేటి పాఠకునికి కనిపిస్తాయి, అపోహకు మూలం బహుశా ఇదే. గ్రహాలు సూర్యుని చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరిగే నమూనాను కేరళ గణకుడు నీలకంఠ సోమయాజి రూపొందించేసరికి 1500 ప్రాంతమైంది.

భూభ్రమణాన్ని కూడా అందరూ ఒప్పుకోలేదు. భూమే తిరిగితే గూడు వదిలి ఎగిరిన పక్షులు మళ్ళీ గూటికి ఎలా చేరతాయని వరాహమిహిరుడు అడిగాడు. జడత్వ భావన, అంటే భూమితో పాటే పక్షి కూడా ముందుకు సాగుతూనే ఉంటుందన్న ఆలోచన, రాని కాలంలో అది న్యాయమైన ప్రశ్న.

అపోహ: ముడుమాల్ నిలువురాళ్ళు మన పూర్వుల విశ్వ నమూనా.

వాస్తవం: పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, కృష్ణా తీరాన ఉన్న ఈ రాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఒక రాతిపై ఉన్న గుంటలను పరిశోధకులు సప్తర్షి మండలంగా గుర్తిస్తున్నారు. అది ఆకాశాన్ని శ్రద్ధగా చూశారనడానికి సూచన, విశ్వ నిర్మాణం గురించి వారేమనుకున్నారో ఆ రాళ్ళు చెప్పవు.

అపోహ: భూకేంద్ర సిద్ధాంతం కేవలం మొండితనం, కోపర్నికస్ రాగానే ఉపవృత్తాల (పెద్ద వృత్తంపై తిరిగే చిన్న వృత్తాల) గందరగోళం తొలగిపోయింది.

వాస్తవం: క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే గ్రీకు ఖగోళవేత్త అరిస్టార్కస్ సూర్యుణ్ణి మధ్యలో నిలిపాడు. భూమి కదిలితే ఏడాది పొడవునా నక్షత్రాల స్థానాలు కొద్దిగా అటూ ఇటూ జరగాలి, అలా జరగడం ఎవరికీ కనబడలేదు. నక్షత్రాలు ఊహకందనంత దూరంలో ఉండటమే దానికి కారణం. 1838లో జర్మన్ ఖగోళవేత్త బెసెల్ హంస మండలంలోని ఒక నక్షత్రానికి ఆ జరుగుదలను కొలిచినప్పుడు అది ఆర్క్ సెకనులో (డిగ్రీలో 60వ వంతు ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను) మూడో వంతు మాత్రమే ఉంది. మన కన్ను విడదీసి చూడగలిగేది 60 ఆర్క్ సెకన్ల ప్రాంతం. కనబడని దానిని నమ్మనందుకు వారిని నిందించడం అన్యాయం.

1543లో కోపర్నికస్ కూడా వృత్తాలను వదల్లేదు, చిన్న ఉపవృత్తాలను అట్టే పెట్టుకున్నాడు. ఆయన చంద్ర నమూనాకు, 14వ శతాబ్దపు డమాస్కస్ గణకుడు ఇబ్న్ అల్ షాతిర్ నమూనాకు గణితంలో తేడా లేదు. గ్రహ స్థానాలను చెప్పడంలో కోపర్నికస్ లెక్కలు భూకేంద్ర నమూనా ఇచ్చిన ప్రాచీనుడు టాలమీ లెక్కల కంటే చెప్పుకోదగినంత మెరుగు కూడా కాదు. వృత్తాన్ని నిజంగా విడిచిపెట్టినవాడు కెప్లర్. డెన్మార్క్ ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీ కుజగ్రహ పరిశీలనలకు, తన లెక్కకు మధ్య 8 ఆర్క్ నిమిషాల తేడా వచ్చినప్పుడు, అది చంద్రబింబం వెడల్పులో నాలుగో వంతే అయినా, టైకో అంత తప్పు చేయడని ఆయన గట్టిగా నమ్మి, ఆ లెక్కను పక్కనపెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. 1609లో దీర్ఘవృత్త కక్ష్యను ప్రకటించాడు.