క్రేనియోసేక్రల్ థెరపీలో ‘న్యూట్రల్’: అపోహలు - వాస్తవాలు

క్రేనియోసేక్రల్ థెరపీ అంటే తల, వెన్ను, పాదాల మీద చేతులు తేలిగ్గా ఆనించి ఒంటిని నెమ్మదింపజేసే పద్ధతి. విశాఖ ఎంవీపీ కాలనీలో దీనికోసం నా దగ్గరికి మొదటిసారి వచ్చినవాళ్లు కాసేపటికి కళ్లు తెరిచి, “ఇంకా మొదలుపెట్టలేదా మేడమ్?” అని అడుగుతుంటారు. అప్పటికి నా చేతులు వాళ్ల పాదాల మీదే ఉంటాయి. ఒళ్లు కుదురుకునే దాకా ఆగుతాను. ఆ కుదురునే మేము న్యూట్రల్ అంటాం.

అపోహ: న్యూట్రల్ అంటే నిద్ర.

వాస్తవం: నిద్ర పట్టినా తప్పులేదు గానీ రెండూ ఒకటి కాదు. న్యూట్రల్‌లో మెలకువగానే ఉంటారు. వీధిలో ఆటో హారన్ వినిపిస్తుంది, ఒళ్లు మాత్రం ఉలిక్కిపడదు. గాజువాకలో నైట్ షిఫ్టులు చేసే ఒకాయన వచ్చారు. “నాకేం టెన్షన్ లేదండీ” అన్నారు. చూస్తే బొటనవేళ్లు రెండూ పిడికిళ్ల లోపల బిగుసుకుని ఉన్నాయి. ఇరవై నిమిషాలకు ఆయన కడుపు గుడగుడమంది. పొడవుగా ఊపిరి వదిలారు. కుడి బొటనవేలు మెల్లగా బయటికొచ్చి దుప్పటి మీద వాలింది. ఆ గుడగుడకి చాలామంది సిగ్గుపడతారు. నాకది మంచి కబురు. విశ్రాంతి వేళ పనిచేసే పారాసింపథెటిక్ నరాలే జీర్ణక్రియనూ నడిపిస్తాయి.

అపోహ: థెరపిస్టు గట్టిగా నొక్కి న్యూట్రల్ తెప్పిస్తారు.

వాస్తవం: మా స్పర్శ సుమారు ఐదు గ్రాములని నేర్పుతారు, అంటే చెంచాడు పంచదార బరువు. ముందు నేను నిమ్మళించాలి. నా మనసు ట్రాఫిక్‌లో ఉండగా ఎదుటివాళ్ల తల పట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు.

అపోహ: ఈ థెరపీ మన ప్రాచీన విద్య.

వాస్తవం: కాదు. అమెరికన్ ఆస్టియోపతీ (ఎముకలు, కండరాలను చేతులతో సరిచేసే పద్ధతి) వైద్యుడు విలియం సదర్లాండ్ ఆలోచనల మీద, 1970లలో జాన్ అప్లెడ్జర్ దీనికి రూపుదిద్దాడు.

అపోహ: ఇది చేయించుకుంటే మందులు మానేయొచ్చు.

వాస్తవం: దయచేసి మానకండి. జబ్బులు నయమవుతాయనడానికి గట్టి ఆధారాలు లేవు. తలలో, వెన్నులో ఒక లయ చేతికి తెలుస్తుందని ఈ థెరపీలో చెబుతారు; ఒకే మనిషి మీద ఇద్దరు థెరపిస్టులు ఆ లయను లెక్కపెడితే ఆ లెక్కలు కలవలేదని పరిశోధనల్లో తేలింది. అందుకే చేతులు పెట్టి మీకు ఫలానా జబ్బుందని నేను చెప్పను, చెప్పేవాళ్లను నమ్మొద్దంటాను. నేనివ్వగలిగింది ఒక గంట నెమ్మది. బీపీ మాత్ర వేళకి వేసుకునే రండి. తలకి దెబ్బ తగిలినా, హఠాత్తుగా భరించలేని తలనొప్పి వచ్చినా ముందు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లండి.

సెషన్ అయ్యాక వెంటనే స్కూటీ తియ్యకండి. పది నిమిషాలు కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరండి.