రింగు పక్కన షెర్రీ

గుడివాడ,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవులు సింధుకి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు. నేనూ మీ నాయనమ్మా ఇక్కడ క్షేమం. ఆవిడ మోకాలు ఎప్పటిలాగే ఉంది, గొంతు కూడా ఎప్పటిలాగే ఉంది.

మొన్న సెలవులకి వచ్చినప్పుడు అటక మీంచి మీ నాన్న చిన్నప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (అదే, అమెరికా కుస్తీ కంపెనీ) ట్రంప్ కార్డులు దించారుగా, అప్పటినుంచీ మీ ఇద్దరికీ ఒకటే వాదన. చిన్నాగాడు అదంతా ఉత్తుత్తి దెబ్బలాటని తేల్చేశాడు. సింధు ఫోనులో ఏదో పాత వీడియో పెట్టి, "తాతయ్యా, మొహం నిండా రంగేసుకున్న ఈవిడ కింద నిలబడి ఎందుకంత అరుస్తోంది? ఈవిడకి కుస్తీ వచ్చా, లేక అరవడానికే జీతమిస్తారా?" అని అడిగింది. బస్సుకి వేళైపోయి ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఉత్తరంలోనైతే మీరు మధ్యలో అడ్డురాలేరు కాబట్టి మొదట్నుంచీ చెబుతాను.

ఆవిడ పేరు షెర్రీ మార్టెల్. నాకెలా తెలుసంటారా? కేబుల్ కొత్తగా వచ్చిన రోజుల్లో మన వీధికి నేనే కనెక్షన్లు ఇచ్చాను. మేడ మీద డిష్, ముందు గదిలో వీసీఆర్, నెల మొదట్లో వసూళ్ళు. ప్రైమ్ స్పోర్ట్స్‌లో రెజ్లింగ్ వచ్చే వేళకి కరెంటు పోయిందా, పిల్లల దండు ఇంటి మీదకి వచ్చేసేది, కరెంటు కూడా నేనే తీసేసినట్టు. వాళ్ళ పోరు పడలేక వీడియో లైబ్రరీ నుంచి రెసిల్‌మేనియా (ఆ కంపెనీ ఏడాదికోసారి పెట్టే పెద్ద ఆట) క్యాసెట్లు అద్దెకి తెచ్చి మన లోకల్ ఛానెల్లో వేసేవాణ్ణి. బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో చూడ్డానికి కూర్చుని కూర్చుని నాకూ అలవాటైపోయింది. అందరూ అప్పటి పెద్ద స్టారు హల్క్ హోగన్‌ని చూస్తే నా చూపు మాత్రం ఎందుకో ఆవిడ మీదకి పోయేది.

ముందు చిన్నాగాడి సంగతి. ఒరేయ్, నువ్వన్నదాంట్లో సగం నిజం. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఎవరు మంచివాడు, ఎవరు చెడ్డవాడు అన్నదీ రాసుకున్నదే. మంచివాణ్ణి బేబీఫేస్ అనీ, చెడ్డవాణ్ణి హీల్ అనీ అంటారు. బయట కూడా ఆ వేషం వదలకుండా జనాన్ని నమ్మించడాన్ని కేఫేబ్ అంటారు. మిగతా సగం వచ్చేసి కింద పడటం. రింగంటే పరుపు కాదు. ఇనప చట్రం, దాని మీద చెక్కలు, ఆపైన పల్చటి ఫోము, దాన్ని కప్పుతూ కాన్వాసు గుడ్డ, అంతే. దాని మీద వెల్లకిలా పడాలి. గడ్డం ఛాతీకి ఆనించి, వీపంతా ఒక్కసారి తగిలేట్టు, చేతులు చాచి కొట్టి, ఊపిరి వదిలేస్తూ. ఆ పడటాన్ని వాళ్ళు బంప్ అంటారు. కుస్తీ బళ్ళో చేరినవాళ్ళు మొదట నేర్చుకునేది అదే, కొట్టడం తర్వాత. అలా ఏడాదికి వందలసార్లు పడతారు. దాంట్లో ఉత్తుత్తి ఏమీ లేదు, కావాలంటే మన డాబా మీద ఒక్కసారి... వద్దులే, మీ అమ్మ నన్ను తిడుతుంది.

ఇక సింధు ప్రశ్న. అలా రింగు పక్కన నిలబడేవాళ్ళని వ్యాలెట్ అంటారు. ఆ మాటకి అసలు అర్థం దొరగారి బట్టలు సర్దే నౌకరు. 1940లలో గార్జియస్ జార్జ్ అని ఒక రెజ్లర్ ఉండేవాడు. ఆయన రింగులోకి వచ్చే ముందు నౌకరు వచ్చి అంతా సెంటు కొట్టి వెళ్ళేవాడట. జనం మండిపడేవాళ్ళు, టిక్కెట్లు మాత్రం తెగేవి. రాను రాను ఆ చోటులోకి ఆడవాళ్ళు వచ్చారు.

బుర్రకథ మీరు చూడలేదు. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు, అటొకరూ ఇటొకరూ గుమ్మెటలతో వంతలు. కథకుడు ఒక మాటంటే వంత ఊకొడతాడు, ఎగతాళి చేస్తాడు, జనం అడగాల్సిన ప్రశ్న తనే అడుగుతాడు. వంత సరైనవాడు కాకపోతే ఎంత గొప్ప కథకుడైనా అరగంటలో చప్పబడిపోతాడు. వ్యాలెట్ పని అచ్చం అదే. రిఫరీని మాటల్లో పెట్టాలి. అవతలివాడి కాలు లాగాలి. తనవాడికి దెబ్బ తగిలితే తనకే తగిలినట్టు జుట్టు పీక్కోవాలి. వెనక వరసలో కూర్చున్నవాడికి రెజ్లర్ మొహం కనపడకపోయినా ఈవిణ్ణి చూసి లోపల ఏం జరుగుతోందో తెలియాలి. మీ ట్రంప్ కార్డుల మీద ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ర్యాంకు ఉంటాయి. ఈ పనికి గడి లేదు.

మరి కుస్తీ వచ్చా అంటే, తల్లీ, ఆవిడ ఛాంపియన్. అసలు పేరు షెర్రీ రస్సెల్, 1958 ఫిబ్రవరిలో పుట్టింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ మిసిసిపీలో కుస్తీ ఆటలకి తీసుకెళ్ళేదట, అక్కడ పట్టుకుంది పిచ్చి. మెంఫిస్‌లో బుచ్ మూర్ దగ్గర, ఆ తర్వాత సౌత్ కరొలైనాలోని కొలంబియాలో ఫాబ్యులస్ మూలా బళ్ళో నేర్చుకుంది.

ఈ మూలా గురించి రెండు ముక్కలు చెప్పాలి. 1956లో ఛాంపియన్ అయ్యి, కొన్ని దశాబ్దాలపాటు అమెరికాలో ఆడవాళ్ళ రెజ్లింగ్ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. ఎవరికి ఎక్కడ ఆట దొరకాలన్నా ఆవిడ చేతుల మీదుగానే. వచ్చిన డబ్బులో పెద్ద వాటా కోసుకునేదని ఆవిడ దగ్గర పనిచేసిన వాళ్ళు చాలామంది తర్వాత చెప్పారు. విచిత్రం ఏమిటంటే, ఆవిడా మొదట్లో బడ్డీ రోజర్స్ అనే రెజ్లర్‌కి వ్యాలెటే. మూలా వ్యాలెట్‌గా మొదలుపెట్టి ఛాంపియన్ అయింది, షెర్రీ ఛాంపియన్ అయ్యాక వ్యాలెట్ అయింది.

1985 సెప్టెంబరు 28న షికాగోలోని కమిస్కీ పార్కులో క్యాండీ డివైన్‌ని ఓడించి షెర్రీ ఏడబ్ల్యూఏ అనే ఇంకో కంపెనీ మహిళల ఛాంపియన్ బెల్టు గెలిచింది. అప్పట్లో అది బేస్‌బాల్ మైదానం. ఆ బెల్టు మొత్తం మూడుసార్లు ఆవిడ నడుముకెక్కింది. దాంతోపాటే బడ్డీ రోజ్, డగ్ సోమర్స్ అనే జోడీ పక్కన మేనేజరుగా కూడా నిలబడేది. అంటే ఒకే కంపెనీలో రెండు ఉద్యోగాలు. 1987 జులై 24న హ్యూస్టన్‌లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో అడుగుపెట్టి, మొదటి రోజే తన గురువు మూలాని ఓడించి అక్కడి బెల్టు కూడా పట్టేసింది. దాదాపు పదిహేను నెలలు ఆవిడ దగ్గరే ఉంది. 1988 అక్టోబరులో పారిస్‌లో రాకిన్ రాబిన్ చేతిలో పోయింది.

తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కంపెనీకి ఆడవాళ్ళ ఆటల మీద ఆసక్తి పోయింది. 1990కల్లా ఆ బెల్టునే పక్కన పడేశారు, 1993 డిసెంబరు దాకా దాని ఊసెత్తలేదు. ముప్ఫయ్యేళ్ళ వయసు, చేతిలో అంత విద్య, ఆడదామంటే ఆట లేదు. ఇంకొకరైతే ఇంటికి పోయేవాళ్ళు. షెర్రీ రింగు దిగి పక్కకొచ్చి నిలబడింది.

1989 ఏప్రిల్‌లో రాండీ సావేజ్ అనే రెజ్లర్ హల్క్ హోగన్ చేతిలో టైటిల్ పోగొట్టుకున్నాక అతని పక్కన చేరింది. అంతకుముందు ఆ చోట్లో మిస్ ఎలిజబెత్ ఉండేది. పొడుగు గౌన్లు, మెత్తటి నడక, గట్టిగా ఒక మాట మాట్లాడేది కాదు. షెర్రీ పూర్తిగా దానికి తలకిందులు. మొహాన రంగులు, చేతిలో హ్యాండ్‌బ్యాగు, కేకలు. ఆ బ్యాగుతోనే అవతలివాణ్ణి బాదేది. సావేజ్ మాచో కింగ్ అని కిరీటం పెట్టుకుంటే ఈవిడ క్వీన్ షెర్రీ. మగ రెజ్లర్లు ఎత్తి పడేసినా పడేది, ఆ బంపులన్నీ తనకి తెలిసిన విద్యేగా. వేరే వ్యాలెట్లలో చాలామందికి అది చేతకాదు.

జనం ఆవిణ్ణి తిట్టిన తిట్లు నేను రాయను. నాయనమ్మ మీకు సూర్యకాంతం గారి సినిమాలు చూపించిందిగా, ఆవిడ గయ్యాళితనం చూసి తెలుగువాళ్ళు ఆడపిల్లకి ఆ పేరు పెట్టడమే మానేశారని సరదాగా చెప్పుకుంటాం. ఆ కోవే ఇది. హీల్‌ని జనం ఎంత తిడితే ఆ వారం పని అంత బాగా జరిగినట్టు.

సింధూ, నువ్వు చూపించిన వీడియో 1991 మార్చి 24న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన రెసిల్‌మేనియా 7. సావేజ్‌కీ అల్టిమేట్ వారియర్‌కీ ఆట, ఓడినవాడు రెజ్లింగ్ మానెయ్యాలి. ఆ క్యాసెట్ ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. చివర్లో టేపు నలిగి గీతలు కూడా వచ్చేశాయి. సావేజ్ టాప్ రోప్ (రింగు చుట్టూ ఉండే తాళ్ళలో పైది) ఎక్కి వరసగా ఐదుసార్లు మోచేత్తో వారియర్ మీదకి దూకుతాడు. అయినా వారియర్ లేస్తాడు. సావేజ్ ఓడిపోయి కింద పడి ఉంటాడు. అప్పుడు షెర్రీ రింగులోకొచ్చి, పడి ఉన్న తన మనిషినే కాళ్ళతో తంతుంది. తన అన్నం గిన్నె పోయిందన్న కోపం. ప్రేక్షకుల్లో కూర్చున్న ఎలిజబెత్ ఒక్క ఉదుటున పరుగెత్తుకొచ్చి షెర్రీని జుట్టు పట్టి బయటికి విసిరేస్తుంది. ఆ తర్వాత సావేజ్, ఎలిజబెత్ ఒకర్నొకరు వాటేసుకుంటారు. కెమెరా జనం మీదకి తిప్పితే పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ కనపడతారు. అంతకాలం తాళ్ళు ఎత్తిపట్టి సావేజ్‌కి దారిచ్చింది ఎలిజబెత్. ఆ రోజు సావేజ్ తాళ్ళు ఎత్తిపట్టి ఆవిడకి దారిచ్చాడు.

ఆ కన్నీళ్ళలో షెర్రీ వాటా ఎంతో ఆలోచించండి. ఆవిడ అంత చెడ్డగా తన్నకపోతే ఎలిజబెత్ పరుగుకి విలువేముంది? మెత్తగా తన్నుంటే మొత్తం సన్నివేశం నీరుగారిపోయేది. అందరి కళ్ళూ ఆ జంట మీద ఉండగా, షెర్రీ మాత్రం నేల మీద ఎక్కడో పడి ఉంది. నేను టేపు వెనక్కి తిప్పి చూసుకునేది ఆ తన్నే ముక్కనే.

ఇంకో తమాషా. ఆ ఏడాది ఆగస్టులో న్యూయార్క్‌లో సావేజ్‌కీ ఎలిజబెత్‌కీ టీవీలో ఘనంగా పెళ్ళి చేశారు. అసలు వాళ్ళ పెళ్ళి 1984లోనే అయిపోయింది! టీవీ పెళ్ళయిన మరుసటి ఏడు విడాకులు కూడా అయ్యాయి. కేఫేబ్ అంటే అర్థమైందిగా.

తర్వాత షెర్రీ టెడ్ డిబియాసీ అనే రెజ్లర్ దగ్గర కొన్నాళ్ళుంది. 1992లో కుర్రాడు షాన్ మైకేల్స్ పక్కన చేరింది. ఏడబ్ల్యూఏ రోజుల్లో ఆవిడ మేనేజరుగా ఉన్న జోడీతో రక్తాలు కారేట్టు కొట్లాడిన వాడే. ఇప్పుడు అతన్ని పెద్ద హీల్‌గా తయారుచెయ్యాలి, పక్కన పేరున్న మనిషి నిలబడితే పని సులువు. అతను నడిచొచ్చేటప్పుడు వేసే పాటని కూడా మొదట ఆవిడే పాడింది. ఆ ఏడాది లండన్ వెంబ్లీలో మైకేల్స్‌కీ రిక్ మార్టెల్‌కీ ఆట పెట్టారు, ఇంటిపేరు కలిసింది గానీ చుట్టరికం లేదు. అందగాళ్ళిద్దరూ ఒకరి మొహం మీద ఒకరు కొట్టకూడదని ఈవిడ షరతు. మాట తప్పేసరికి ఈవిడ మూర్ఛపోయినట్టు పడిపోతుంది. వాళ్ళిద్దరూ ఆట వదిలేసి ఈవిణ్ణి మోసుకెళ్ళడానికి కొట్టుకుంటారు. ఆఖరికి రిక్ మార్టెల్ బకెట్టుడు నీళ్ళు కుమ్మరిస్తాడు. మీ నాన్న మంచం మీంచి పడేంతగా నవ్వాడు.

1993లో ఆ కంపెనీ వదిలేసింది. చిన్న చిన్న కంపెనీల్లో తిరిగి, 1994లో డబ్ల్యూసీడబ్ల్యూ అనే పోటీ కంపెనీలో రిక్ ఫ్లెయిర్ పక్కన, ఆపైన హార్లెం హీట్ అనే జోడీ పక్కన నిలబడింది. ఆ జోడీలో బుకర్ టి, స్టీవీ రే సొంత అన్నదమ్ములు. అప్పటికి నా కేబుల్ వ్యాపారం పెద్ద ఆపరేటర్లు మింగేశారు, అది వేరే కథ.

2006 ఏప్రిల్ 1న షికాగో పక్కనే రోజ్‌మాంట్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ (డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కే తర్వాత పెట్టిన పేరు) హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే వాళ్ళ గొప్పవాళ్ళ జాబితాలో, ఆవిణ్ణి చేర్చారు. పరిచయం చేసింది పాత జోడీదారు డిబియాసీయే. ఏడాది తిరిగాక, 2007 జూన్ 15న అలబామాలో వాళ్ళమ్మగారింట్లో చనిపోయింది. నలభై తొమ్మిదేళ్ళు. నొప్పి మాత్రలతో సహా రకరకాల మందులు మోతాదు మించాయని, కావాలని చేసింది కాదని తేల్చారు. పిల్లలకి ఈ సంగతి రాయాలా వద్దా అని నాయనమ్మతో వాదన పడింది. రాయాలనే అనుకున్నాను. కింద పడటం నిజమన్నానుగా, ఆ నొప్పులూ నిజమే. పైగా ఆ కంపెనీ లెక్కల్లో రెజ్లర్లు ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మనుషులు. మన ఊళ్ళో మిల్లు కూలీకి ఉండే ఈఎస్‌ఐ లాంటిది కూడా వాళ్ళకి లేదు. రాత్రి ఆడి, పొద్దున్నే కారెక్కి, మళ్ళీ రాత్రికి ఇంకో ఊళ్ళో ఆడాలంటే చాలామందికి మాత్రలే దిక్కయ్యాయి.

లాస్ ఏంజెలెస్‌లో ఆ రాత్రి రింగులో మీరు చూసే నలుగురిలో ఇవాళ ఒక్కరూ లేరు. ఎలిజబెత్ 2003లో నలభై రెండేళ్ళకే పోయింది. తర్వాత షెర్రీ, 2011లో సావేజ్, 2014లో వారియర్. అరవై ఎవరూ దాటలేదు.

మీ నాన్నకి మాగాయ సీసా ఒకటి బస్సులో వేస్తున్నాను, పైన నూనె తేలకపోతే ఇంకాస్త కాచి పొయ్యమనండి. ఆ ఆట మళ్ళీ చూసేటప్పుడు వాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టండి. చిన్నప్పుడు షెర్రీ తెర మీదకి వస్తే దిండు అడ్డం పెట్టుకునేవాడు, పక్కనుంచి ఒక కన్నుతో మాత్రం చూసేవాడు. నేను చెప్పానని అనకండి.

ఇట్లు,
మీ తాతయ్య