కూలిన ప్రోగ్రామ్ జ్ఞాపకాన్ని చదివే హక్కు ఎవరిది?

2025 మే చివర్లో క్వాలిస్ అనే భద్రతా సంస్థ లైనక్స్‌లో రెండు లోపాలను బయటపెట్టింది. ఒకటి ఉబుంటులో క్రాష్ నివేదికలు తయారుచేసే అపోర్ట్‌లో ఉంది. రెండోది ఫెడోరా, రెడ్ హ్యాట్ లైనక్స్‌లలో అదే పని చేసే సిస్టమ్‌డీ-కోర్‌డంప్‌లో ఉంది. క్వాలిస్ చూపించిన దాడి ఇలా సాగుతుంది. మనం టైప్ చేసిన పాస్‌వర్డ్ సరైనదో కాదో చూసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి లైనక్స్‌లో ఉంటుంది. మామూలు వినియోగదారు తెరవలేని పాస్‌వర్డ్ హ్యాష్‌ల (పాస్‌వర్డ్‌లను నేరుగా చదవలేని రూపంలోకి మార్చి దాచిన విలువల) ఫైలును తెరిచే అధికారం దానికి ఇచ్చారు. దాడి చేసేవాడు దాన్ని నడిపిస్తాడు, హ్యాష్‌లు మెమరీలోకి వచ్చాక కావాలని కూల్చేస్తాడు. కూలిన ప్రోగ్రామ్ మెమరీని సిస్టమ్ ఒక ఫైలుగా రాయడం మొదలుపెడుతుంది. ఆ ఫైలు ఎవరికి చెందాలో తేల్చేలోపు, అదే ప్రాసెస్ నంబరుతో (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు, అంటే ప్రాసెస్‌కు, సిస్టమ్ ఇచ్చే సంఖ్య) ఏ అధికారమూ లేని మరో ప్రోగ్రామ్‌ను అక్కడ నిలబెడతాడు. తనిఖీ చేసే సాధనం కొత్తవాడి మొహం చూసి, పాతవాడి మూట చేతికిచ్చేస్తుంది.

సవరణలు వచ్చాయి. అయితే చిక్కు ఆ రెండు ప్రోగ్రామ్‌లతో మొదలైంది కాదు. కూలిన ప్రోగ్రామ్‌ను బాగుచేయాలంటే దాని మెమరీని చూడాలి. మెమరీని చూడగలిగినవాడికి అందులోని రహస్యాలూ కనబడతాయి. ప్రోగ్రామ్‌లలో తప్పులు వెతికే సాధనాలైన డీబగ్గర్లు పుట్టిన నాటి నుంచీ ఇది ఉన్నదే. మొదట్లో దాన్ని ఎవరూ చిక్కుగా చూడలేదు.

కూలిన ప్రోగ్రామ్ మెమరీ ప్రతికి ఉన్న కోర్ డంప్ అనే పేరే ఆ రోజులకు సాక్ష్యం. 1953లో ఎంఐటీలో జే ఫారెస్టర్ బృందం వర్ల్‌విండ్ కంప్యూటర్‌కు అయస్కాంత కోర్ మెమరీని అమర్చింది. ఫెర్రైట్‌తో చేసిన బుల్లి ఉంగరాలను సన్నని తీగల అల్లికలో పూసల్లా గుచ్చేవారు. ఒక్కో పూస ఒక్కో బిట్. పూసలోని అయస్కాంతత్వం ఒక దిశలో ఉంటే సున్నా, ఎదురు దిశలో ఉంటే ఒకటి. కరెంటు తీసేసినా ఆ దిశ చెరిగేది కాదు. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతే, ఆగిన క్షణాన పూసలు ఎలా ఉన్నాయో అలాగే ఉండేవి. వాటిలోని విలువలను లైన్ ప్రింటర్ మీద కాగితాల కట్టలుగా అచ్చు వేసేవారు. ప్రోగ్రామర్ ఆ కట్టను ముందు పరుచుకుని, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ తప్పు ఎక్కడ జరిగిందో వెతికేవాడు. తర్వాత సెమీకండక్టర్ మెమరీ వచ్చి పూసలను పక్కకు నెట్టింది గానీ పేరు మాత్రం పోలేదు. ఈనాటికీ సపోర్ట్ విభాగంలో ఎవరైనా ఫోను తీయగానే అడిగే మొదటి మాట, డంప్ తీశారా అనే.

కాగితం కట్టతో పని లేకుండా, యంత్రం దగ్గర కూర్చుని దాని మెమరీలోకి తొంగిచూసే సాధనం కూడా ఎంఐటీలోనే తయారైంది. టీఎక్స్-0 కంప్యూటర్‌కు రాసిన దాని పేరు ఫ్లిట్. 1961లో పీడీపీ-1కు వచ్చిన దాని వారసుడి పేరు డీడీటీ. రెండూ పురుగుమందుల పేర్లే. దోమలకు ఫ్లిట్ కొట్టిన పంపును, డీడీటీ చల్లడానికి ఊళ్లోకి వచ్చిన మలేరియా సిబ్బందిని చూసిన పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు కాబట్టి ఆ చమత్కారాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. చిరునామా టైప్ చేసి స్లాష్ కొడితే ఆ చోట ఉన్న విలువ ఎదుట అచ్చయ్యేది. విలువ మార్చాలంటే కొత్తది టైప్ చేస్తే సరిపోయేది. అప్పట్లో ఒక సమయంలో యంత్రం ఒక్కరి చేతిలోనే ఉండేది. మెమరీ అంతా ఆ మనిషిదే కనుక ఎవరి నుంచి ఏమి దాచాలన్న ప్రశ్న రాలేదు.

ఒకే యంత్రాన్ని పదిమంది పంచుకోవడం మొదలయ్యాక ఆ ప్రశ్న వచ్చింది. 1971 నవంబరు 3 తేదీతో వెలువడిన యూనిక్స్ తొలి మాన్యువల్‌లో డీబీ అనే డీబగ్గర్, కోర్ అనే ఫైలు రెండూ ఉన్నాయి. ప్రోగ్రామ్ కూలితే దాని మెమరీ ప్రతి, అది పనిచేస్తున్న డైరెక్టరీలోనే కోర్ అనే పేరుతో పడేది. 1975 నాటి ఆరో ఎడిషన్‌లో పీట్రేస్ అనే సిస్టమ్ కాల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌ను ప్రోగ్రామ్ పని అడిగే పిలుపు, చేరింది. ఇప్పటి డీబగ్గర్ల కథలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇదే. ఒక ప్రాసెస్ మెమరీని మరో ప్రాసెస్ నేరుగా ముట్టుకోలేదు. ఒకదాని చిరునామాకు ఇంకోదాని దగ్గర అర్థం ఉండదు. కాబట్టి డీబగ్గర్ వెళ్లి కెర్నల్‌ను అడగాలి, కెర్నల్ చదివి విలువ తెచ్చి ఇవ్వాలి. మొదట్లో నియమం గట్టిగానే ఉండేది. పిల్ల ప్రాసెస్ తనంతట తాను ఒప్పుకోవాలి, చూసే హక్కు దాన్ని పుట్టించిన తల్లి ప్రాసెస్‌కు మాత్రమే. పైగా ఒక్కో పిలుపుకు ఒక్క వర్డ్ మాత్రమే దక్కేది. నేటి 64 బిట్ యంత్రంలో వర్డ్ అంటే 8 బైట్లు. ఆ లెక్కన ఒక మెగాబైట్ చదవడానికి 1,31,072 సార్లు కెర్నల్ తలుపు తట్టాలి.

పీట్రేస్ చదవడమే కాదు, రాయనిస్తుంది కూడా. ఫలానా చోట ఆగమని మనం చెప్పినప్పుడు, ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీద డీబగ్గర్ ఆ చోట ఉన్న మొదటి బైటును తన దగ్గర దాచుకుని, దాని స్థానంలో 204 అనే విలువ రాస్తుంది. ప్రాసెసర్ అక్కడికి రాగానే ట్రాప్ (నడకను ఆపి కెర్నల్‌కు కబురుపెట్టే సంకేతం) పుట్టి ప్రోగ్రామ్ ఆగుతుంది. ఇప్పుడు అదే చోటు చూపించమని లైనక్స్‌లో వాడే డీబగ్గర్ జీడీబీని అడిగి చూడండి. 204 కనబడదు, దాచిన పాత బైటే కనబడుతుంది. తాను చేసిన మార్పును ప్రోగ్రామ్‌లోని తప్పుగా మనం పొరబడకూడదని ఆ జాగ్రత్త. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే. డీబగ్గర్ చెప్పే ప్రతి మాట వెనుక ఎంత పని నడుస్తోందో ఆ ఒక్క బైటుతో అర్థమవుతుంది.

1984లో బెల్ ల్యాబ్స్‌లో టామ్ కిలియన్ ఈ పద్ధతిని మరింత సులువు చేశాడు. నడుస్తున్న ప్రతి ప్రాసెస్‌నూ ఒక ఫైలులా చూపించాడు. మెమరీ చిరునామాయే ఆ ఫైలులో స్థానం. అక్కడికి వెళ్లి ఎన్ని బైట్లు కావాలంటే అన్ని ఒకేసారి చదువుకోవచ్చు. నేటి లైనక్స్‌లోని ప్రాక్ డైరెక్టరీ ఆ ఆలోచన నుంచి వచ్చిందే. అపోర్ట్ అయినా సిస్టమ్‌డీ-కోర్‌డంప్ అయినా కూలిన ప్రాసెస్ ఎవరిదో తెలుసుకోవడానికి చూసేది అక్కడే. 2025లో మోసపోయిందీ అక్కడే.

ఇక డంప్ ఫైలు సంగతి. ప్రాసెస్ బతికున్నా, చచ్చి ఫైలు వదిలినా, డీబగ్గర్ అడిగేది ఒకటే ప్రశ్న: ఈ చిరునామాలో ఏముంది? లైనక్స్ కోర్ ఫైలు మొదట్లో ఒక పట్టిక ఉంటుంది. మెమరీలో ఫలానా చిరునామా నుంచి మొదలైన ముక్క ఈ ఫైలులో ఫలానా స్థానం నుంచి ఉందని అది చెబుతుంది. ఉదాహరణకు 69632 దగ్గర మొదలైన ముక్క ఫైలులో 8192వ స్థానంలో ఉందనుకుందాం. 69700లో ఏముందని అడిగితే డీబగ్గర్ తేడా 68 తీసి, 8192కు కలిపి, ఫైలులో 8260వ బైటు చదువుతుంది. చూడటానికి ఇంత మామూలు కూడికే. పక్కనే ఉండే నోట్స్ భాగంలో ప్రతి థ్రెడ్ (ప్రాసెస్‌లో విడిగా నడిచే పని) రిజిస్టర్లూ, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వల విలువలూ, ప్రోగ్రామ్‌ను చంపిన సిగ్నల్ నంబరూ ఉంటాయి. స్టాక్ ఎక్కడుందో రిజిస్టర్లు చెబుతాయి, ఎవరు ఎవరిని పిలిచారో స్టాక్ చెబుతుంది.

పేర్లు మాత్రం డంప్‌లో దొరకవు. 8260వ బైటు ఖాతా నిల్వో, పేరులోని అక్షరమో చెప్పాలంటే కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ రాసిపెట్టిన డీబగ్ సమాచారం కావాలి. 1990ల నుంచి యూనిక్స్ ప్రపంచంలో అది డ్వార్ఫ్ అనే రూపంలో ఉంటోంది, విండోస్‌లో పీడీబీ ఫైళ్లలో ఉంటుంది. ఇక్కడ బిల్డ్ (కోడ్ నుంచి ఒకసారి తయారుచేసిన ప్రోగ్రామ్ ప్రతి) తేడా వస్తే కథ అడ్డం తిరుగుతుంది. ఒక్క వరుస మారిన బిల్డ్‌తో పాత డంప్‌ను తెరిస్తే, డీబగ్గర్ ఏ మాత్రం తడబడకుండా తప్పుడు ఫంక్షన్ పేర్లు చదివి వినిపించగలదు. రాత్రంతా తప్పు ఫంక్షన్ వెంట పరిగెత్తి, తెల్లవారుజామున బిల్డ్ వేరని తెలుసుకున్నవాడికే ఆ బాధ తెలుస్తుంది. అందుకే ప్రతి బిల్డ్‌కూ వేలిముద్రలాంటి గుర్తింపు సంఖ్య వేయడం మొదలైంది. లైనక్స్‌లో అది సాధారణంగా 20 బైట్లు ఉంటుంది.

విండోస్ దారి కొంత వేరు. డయలప్ కనెక్షన్ల కాలంలో మొత్తం మెమరీని కంపెనీకి పంపడం కుదరని పని. 2001లో ఎక్స్‌పీతో వచ్చిన మినీడంప్‌లో థ్రెడ్లు, వాటి స్టాకులు, లోడైన మాడ్యూళ్ల జాబితా వంటివి మాత్రమే ఉంటాయి. కెర్నల్ కూలినప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. కూలిన కెర్నల్‌కు ఫైల్ సిస్టమ్‌ను కూడా నమ్మే వీలుండదు. కాబట్టి నీలి తెర వచ్చినప్పుడు మెమరీని ముందే గుర్తుపెట్టుకున్న పేజ్ ఫైలు చోటులోకి రాసేస్తుంది. మళ్లీ యంత్రం లేచాక దాన్ని అక్కడి నుంచి తీసి డంప్ ఫైలుగా భద్రపరుస్తుంది.

ఆ జాగ్రత్త ఎంత విలువైనదో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ యంత్రాలు కూలాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేతితో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. అదే రోజు కొందరు తమ డంప్‌లోని నాలుగు వరుసలు చూపించి, శూన్య చిరునామాను (అసలు ఏ చోటునూ సూచించని సున్నాను) చదవబోయి కూలిందని తేల్చేశారు. మైక్రోసాఫ్ట్ డంప్‌లను తన డీబగ్గర్ విన్‌డీబీజీలో తెరిచి వివరించినప్పుడు వేరే సంగతి బయటపడింది. చిరునామా శూన్యమా కాదా అని క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవర్ (కెర్నల్‌లో నడిచే దాని ప్రోగ్రామ్) ముందే సరిచూసుకున్న ఆనవాలు అందులోనే ఉంది. చిరునామా శూన్యం కాదు, కానీ అక్కడ చదవడానికి ఏమీ లేదు. అలాంటి చోట విన్‌డీబీజీ విలువకు బదులు ప్రశ్నార్థకాలు వేస్తుంది. అసలు కారణాన్ని క్రౌడ్‌స్ట్రైక్ తర్వాత ఒప్పుకుంది: 21 విలువలు రావాల్సిన చోటికి 20 వచ్చాయి, 21వ దాని కోసం డ్రైవర్ హద్దు దాటి చదివింది. డంప్ అబద్ధం చెప్పలేదు. తొందరపడినవాళ్లు తప్పు చదివారు.

డంప్‌కు అబద్ధం చెప్పడం రాదు కాబట్టే దొంగలకూ అది ఇష్టం. 2011లో బెంజమిన్ డెల్పీ విడుదల చేసిన మిమీక్యాట్జ్, విండోస్‌లో లాగిన్ పనులు చూసే ప్రాసెస్ మెమరీ నుంచి పాస్‌వర్డ్‌లను బయటికి తీసి చూపించింది. అందుకు అది వాడుకునేది డీబగ్గర్లకు ఇచ్చే అధికారాన్నే. ఆ ప్రాసెస్ డంప్ ఒకటి చేజిక్కినా సరిపోతుంది. 2023లో స్టార్మ్-0558 అనే ముఠా అమెరికా ప్రభుత్వ ఈమెయిళ్లలోకి చొరబడినప్పుడు, లాగిన్ అనుమతులకు డిజిటల్ సంతకం పెట్టే, దొంగిలించిన రహస్య తాళంచెవి 2021 నాటి ఒక క్రాష్ డంప్‌లో నుంచి పోయి ఉండవచ్చని మైక్రోసాఫ్ట్ ఆ సెప్టెంబరులో చెప్పింది. 2024 మార్చిలో, ఆ తాళంచెవి ఉన్న డంప్ తమకు దొరకలేదని ఆ మాటను సవరించుకుంది. అలాంటి డంప్ ఉందో లేదో గానీ, ఉండే వీలుందని అంత పెద్ద కంపెనీయే నమ్మింది. కస్టమర్ డంప్‌ను ఈమెయిల్‌కు తగిలించి పంపేవాళ్లు ఈ ఒక్క విషయం తలచుకోవాలని నా వేడుకోలు. అందులో మీ కోడ్ తప్పుతో పాటు వాళ్ల కస్టమర్ల పేర్లూ ఉంటాయి.

కట్టడులు వస్తూనే ఉన్నాయి. లైనక్స్‌లో 2012లో చేరిన యామా అనే కెర్నల్ భద్రతా భాగం, ఒకే వినియోగదారుకు చెందిన ప్రాసెస్‌లు కూడా ఒకదాన్నొకటి ఇష్టం వచ్చినట్టు చదవకుండా ఆపగలదు. తల్లి ప్రాసెస్‌కే చూసే హక్కు ఉండాలన్న పాత యూనిక్స్ నియమం దాదాపు అలాగే తిరిగొచ్చింది. ఈ మెమరీ ముక్కను డంప్‌లో రాయవద్దని ప్రోగ్రామే కెర్నల్‌కు చెప్పే వీలు కూడా అదే ఏడాది వచ్చింది. ఎవరు రాసే ప్రోగ్రామ్‌లో తాళంచెవులు ఉన్నాయో వాళ్లే గుర్తుపెట్టుకుని చెప్పాలి.

2025 మేలో క్వాలిస్ సూచించిన తాత్కాలిక మార్గం ఇంకా మొరటుది. ప్రత్యేక అధికారంతో నడిచే ప్రోగ్రామ్‌లు డంప్ వదలవచ్చా లేదా అన్నది తేల్చే సెట్టింగ్‌ను సున్నా చేయమంది. సున్నా చేస్తే దొంగకు ఏమీ దొరకదు. ఆ ప్రోగ్రామ్ నిజంగానే కూలిన రోజున, కారణం వెతికే ఇంజినీరుకూ ఏమీ దొరకదు.