ఊరు నగరంలో కలిసేటప్పుడు ఓటు ఎందుకు ఉండదు

విశాఖపట్నం కార్పొరేషన్ అయింది 1979లో. 2005 నవంబరులో గాజువాక మునిసిపాలిటీనీ, చుట్టుపక్కల 32 గ్రామాలనూ కలిపి గ్రేటర్ విశాఖపట్నం మహానగరపాలక సంస్థ (జీవీఎంసీ) చేశారు. 2013లో భీమిలి, అనకాపల్లి మునిసిపాలిటీలు వచ్చి చేరాయి. ఈ విలీనాలన్నీ ప్రభుత్వ ఉత్తర్వులతోనే జరిగాయి. ఏ ఊళ్లోనూ బ్యాలట్ పెట్టె పెట్టలేదు. 2022లో అనకాపల్లి వేరే జిల్లాకు కేంద్రమైనా, ఆ పట్టణం మాత్రం జీవీఎంసీలోనే ఉండిపోయింది. జిల్లా ఒకటి, నగరపాలక సంస్థ మరొకటి. దీని మీదా జనాన్ని ఎవరూ అడగలేదు.

అడగాలని చట్టంలో లేదు కాబట్టే అడగలేదు. రాజ్యాంగంలోని 243-క్యూ అధికరణం ప్రకారం ఏ ప్రాంతం ఏ రకం పట్టణమో గవర్నరు పేరిట నోటిఫికేషన్ ఇచ్చి ప్రకటిస్తారు. జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాధాన్యం చూడాలని అందులో ఉంది. ఊరి ఇష్టాయిష్టాల ఊసు లేదు. ఆచరణలో పంచాయతీ తీర్మానం తీసుకుంటారు, లేదా అభ్యంతరాలకు గడువు ఇస్తారు. గ్రామసభ వద్దంటే ఆ మాట ఫైల్లోకి ఎక్కుతుంది, అంతే. దానంతట అది విలీనాన్ని ఆపదు.

వద్దనేవాళ్ల లెక్క సూటిగా ఉంటుంది. పంచాయతీ పోతే ఇంటిపన్ను కార్పొరేషన్ లెక్కల్లోకి వెళ్తుంది. ఉపాధి హామీ పథకం గ్రామీణ ప్రాంతాలకే కాబట్టి జాబ్ కార్డు పనికిరాకుండా పోతుంది. సర్పంచి ఇంటి గుమ్మం దగ్గర తేలే పని జోనల్ కార్యాలయానికి చేరుతుంది. కావాలనేవాళ్లు మంచినీళ్ల పైపులైను, భూగర్భ డ్రైనేజీ, వీధి దీపాలు చూపిస్తారు. రెండూ నిజమే. ఇలాంటి తగవు తేల్చడానికి ఓటును మించిన దారి నాకు కనబడదు. కానీ ఆ ఓటు ఎలా పెట్టాలన్నది పైకి కనిపించేంత తేలిక కాదు.

పరిశ్రమలు పెట్టేముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ విశాఖ వాళ్లకు బాగా తెలుసు. అదీ ఇలాంటిదేనని చాలామంది అనుకుంటారు, కాదు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభకు కోరం, అంటే కనీస హాజరు, అక్కర్లేదు. ఓటింగూ లేదు. వెయ్యిమంది వద్దన్నా, పదిమంది అవునన్నా మినిట్స్‌లో రాసి పంపడమే.

గ్రామసభ మాట చెల్లిన సందర్భాలు షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతాల్లో ఉన్నాయి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2013లో ఒడిశాలోని నియంగిరి కొండల మీద జిల్లా జడ్జి పరిశీలకుడిగా 12 గ్రామసభలు జరిగాయి. బాక్సైట్ తవ్వకాలను పన్నెండూ కాదన్నాయి. దాని వెనక అటవీ హక్కుల చట్టం ఉంది. మైదానంలోని శివారు గ్రామానికి అలాంటి అండ లేదు.

భూభాగం విలీనంపై మన దేశంలో ప్రత్యేక చట్టం చేసి మరీ నడిపిన ఓటింగు గోవాది. 1966లో పార్లమెంటు చట్టం చేసింది, 1967 జనవరి 16న పోలింగ్ జరిగింది. మహారాష్ట్రలో కలవాలంటే పువ్వు గుర్తు, కేంద్రపాలిత ప్రాంతంగా ఉండాలంటే రెండాకుల గుర్తు. అధికార పార్టీ విలీనం పక్షాన ఉన్నందున ప్రభుత్వం ముందే రాజీనామా చేసింది. నిర్వహణలో అన్నిటికంటే విలువైన జాగ్రత్త అదే. పోలైన 3,17,633 ఓట్లలో రెండాకులకు 1,72,191, పువ్వుకు 1,38,170 పడ్డాయి. మిగిలిన ఏడు వేల పైచిలుకు చెల్లలేదు. బొంబాయిలో ఉంటున్న గోవావాళ్లకు ఓటు ఉండాలా వద్దా అని పెద్ద గొడవ నడిచింది, చివరికి ఇవ్వలేదు. ప్రత్యేక రాష్ట్రం అన్న మూడో దారి బ్యాలట్ మీద లేనేలేదు. అది 1987 దాకా ఆగింది.

స్థానిక సంస్థ విషయంలో నేరుగా ఓటు పెట్టింది మధ్యప్రదేశ్. మునిసిపల్ అధ్యక్షుణ్ణి వెనక్కి పిలవడానికి ‘ఖాళీ కుర్చీ, నిండు కుర్చీ’ గుర్తులతో రహస్య బ్యాలట్ జరుగుతుంది. 2001లో అనూప్‌పూర్‌లో మొదటిసారి జరిగింది. మెలిక ఎక్కడంటే, ప్రతిపాదన మీద కౌన్సిలర్లలో నాలుగింట మూడు వంతుల మంది సంతకాలు ఉండాలి. తేల్చేది జనమే, మొదలుపెట్టే హక్కు మాత్రం జనానికి లేదు. మహారాష్ట్ర మద్యం దుకాణాల ఓటింగు దీనికి తిరగేసి ఉంటుంది. 25 శాతం మహిళా ఓటర్లు సంతకాలు చేసి అడగవచ్చు. అడ్డంగా పడిన సీసా మూసివేతకు, నిలబెట్టిన సీసా కొనసాగింపుకు గుర్తు. కానీ పోలైన ఓట్లలో కాదు, జాబితాలోని ఓటర్లలో సగానికి మించి మూసివేత కోరాలి. అంటే ఇంట్లో కూర్చున్నవాళ్ల ఓటు కూడా దుకాణానికే పడినట్టు. నెగ్గాల్సిన చోట ఓడిపోవడానికి ఇదొక్కటి చాలు.

విశాఖ శివారులో ఇలాంటిది పెట్టాలంటే ముందు రాష్ట్ర చట్టం మారాలి. ఆ తర్వాత తేలాల్సింది లెక్కింపు యూనిట్. అన్నిటికంటే పెద్ద తగవు ఇక్కడే. మూడు వేల ఓట్ల పంచాయతీనీ లక్షల ఓట్ల నగరాన్నీ కలిపి లెక్కిస్తే ఊరి మాట వినబడనే వినబడదు. ఊరిని విడిగా లెక్కిస్తే, చుట్టూ ఉన్నవి కలిసి మధ్యలో ఒకటి కలవనప్పుడు రోడ్డు, డ్రైనేజీ ఎవరిదన్న పేచీ వస్తుంది. అందుకని పక్కపక్కనున్న గ్రామాలను ఒక గుంపుగా తీసుకుని, ఊరివారీ ఫలితం కూడా ప్రకటించడం నయం.

ఓటర్ల జాబితా మరో చిక్కు. పంచాయతీ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తీస్తారు. మధురవాడ లాంటి చోట్ల ఫ్లాట్లలో ఉంటున్న చాలామంది ఓటు ఇంకా సొంతూళ్లోనే ఉంటుంది. అర్హత తేదీని విలీన ప్రతిపాదనకు ముందు రోజుకు పెట్టకపోతే కొత్త చేర్పుల దరఖాస్తులు వరదలా వస్తాయి. ప్రశ్న కూడా ఒక్కటే ఉండాలి. ‘మంచినీటి కోసం నగరంలో కలవడానికి సమ్మతమా’ అని అడిగితే అది రెండు ప్రశ్నలు. పన్ను ఎన్నేళ్లు పెంచరో, నీళ్లు ఎప్పటికి ఇస్తారో రాతపూర్వకంగా పోలింగుకు నెల ముందే ఊళ్లో అంటించాలి.

సమయం సంగతి ఎవరూ పట్టించుకోరు. జనాభా లెక్కల ముందు పాలనా సరిహద్దులను స్తంభింపజేస్తారు. 2027 జనాభా లెక్కలకు ఆ గడువు 2025 డిసెంబరు 31. విలీన ఉత్తర్వులు తరచూ హడావిడిగా వచ్చేది ఇలాంటి గడువుల ముందే, లేదా పాలకవర్గం గడువు ముగిశాక. 2007లో ఎన్నికైన జీవీఎంసీ కౌన్సిల్ గడువు 2012లో తీరింది, మళ్లీ ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. భీమిలి, అనకాపల్లి విలీనం ఆ మధ్యకాలంలోనే, ప్రత్యేకాధికారి పాలనలో జరిగింది. ఎన్నికైన మేయరు గానీ, కౌన్సిల్ చర్చ గానీ లేని రోజులవి.