సీసీ కెమెరా ఎంతవరకు చూస్తుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో సీసీ కెమెరాలు బిగించడం నా వృత్తి. పాతపట్నం పక్కనే కనుక ఆంధ్ర వైపు కూడా పనికి వెళుతుంటాను. సరిహద్దుకు రెండు వైపులా నాకు తరచుగా ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: కెమెరా ఉంటే నేరాలు ఆగిపోతాయి.

వాస్తవం: నలభై ఏళ్ల అధ్యయనాలను క్రోడీకరించి 2019లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం, కెమెరాలు లేని చోట్లతో పోలిస్తే ఉన్నచోట నేరాలు సుమారు 13 శాతం తగ్గాయి. వాహనాలు నిలిపే స్థలాల్లో ఆ ఫలితం బాగా కనిపించింది కానీ, దాడుల వంటి హింసాత్మక నేరాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. బండి ఎత్తుకుపోయేవాడు ముందుగా చుట్టూ చూసుకుంటాడు, కోపంతో చెయ్యెత్తినవాడు చూసుకోడు అన్నది నా అభిప్రాయం.

అపోహ: వీధంతా కనిపించేలా పెడితే దొంగ ముఖం తప్పక దొరుకుతుంది.

వాస్తవం: కొత్త మనిషి ముఖాన్ని గుర్తుపట్టాలంటే దృశ్యంలో ప్రతి మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు (చిత్రాన్ని కూర్చే చిన్న చుక్కలు) ఉండాలని మా రంగంలో పాటించే ఐరోపా ప్రమాణం చెబుతుంది. 2 మెగాపిక్సెల్ కెమెరా అడ్డంగా ఇచ్చేది 1920 పిక్సెళ్లే కాబట్టి, ఏడున్నర మీటర్లకు మించిన వెడల్పును చూపిస్తే ముఖం చెదిరిపోతుంది. మన ఊళ్లలో ఎక్కువగా వాడే 2.8 ఎంఎం లెన్స్‌తో ఆ హద్దు సుమారు మూడు మీటర్ల దూరానికే వచ్చేస్తుంది.

ఒక కిరాణా దుకాణంలో రాత్రివేళ గల్లాపెట్టె పగలగొట్టినప్పుడు రికార్డింగు చూడటానికి నన్ను పిలిచారు. యజమాని కోరిక మీద ఆ కెమెరాను పన్నెండడుగుల ఎత్తున, వీధంతా పట్టేలా బిగించింది నేనే. ఇన్‌ఫ్రారెడ్ కాంతికి మూగిన పురుగులు తెర మీద తెల్లటి చుక్కల్లా తిరుగుతుండగా, తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకడు వచ్చి వెళ్లాడు. పెద్దది చేసి చూస్తే అతని ముఖం ఉండవలసిన చోట నాలుగు బూడిదరంగు గళ్లు మిగిలాయి. ఎదురింటి అరుగు మీద మంచం వేసుకుని పడుకున్న పెద్దావిడ మాత్రం ఎప్పుడు లేచారో, ఎప్పుడు ఒత్తిగిల్లారో రాత్రంతా అందులో ఉంది. మర్నాడు దాన్ని ఏడడుగులకు దించి, దుకాణం గుమ్మానికే తిప్పాను. ఇప్పుడు లోపలికి వచ్చేవారి ముఖం స్పష్టంగా పడుతుంది, ఎదురింటి అరుగు పడదు. చూపును మన గుమ్మానికే పరిమితం చేసుకుంటే ఆధారమూ దొరుకుతుంది, పొరుగువారి మర్యాదా నిలుస్తుంది.

అపోహ: రికార్డయింది ఎక్కడికీ పోదు.

వాస్తవం: సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఒక్కో కెమెరా రోజుకు 21.6 జీబీ నింపుతుంది. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్కు పెడితే పదకొండు రోజులు దాటగానే పాతదాని మీద కొత్తది పడుతుంది. సరిహద్దులో ఇది మరీ నష్టం, ఎందుకంటే బండి అవతలి రాష్ట్రానికి వెళ్లిందనగానే ఏ స్టేషనుకు వెళ్లాలో తేల్చుకోలేక రోజులు గడిపేస్తారు. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. కోర్టులో సాక్ష్యానికి తెరను ఫోనుతో తీసిన వీడియోను నమ్ముకోకండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, అసలు ఫైలు హ్యాష్ విలువతో (ఫైలు మారితే తానూ మారిపోయే, వేలిముద్ర లాంటి గుర్తు) ధ్రువపత్రం ఇవ్వాలి.

అపోహ: తప్పు చేయనివారికి కెమెరా అంటే భయమెందుకు?

వాస్తవం: గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. పెరట్లో స్నానం చేస్తున్న స్త్రీని చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం కూడా. పైగా ఆ దృశ్యాలు మీ దగ్గరే ఉంటాయన్న భరోసా లేదు: 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షలాది కెమెరాలు, రికార్డర్లు తదితర పరికరాల్లోకి చొరబడింది కంపెనీ పెట్టిన పాస్‌వర్డును ఎవరూ మార్చకపోవడం వల్లనే.

అందుకే పని ముగిశాక పాస్‌వర్డును యజమాని చేతే మార్పిస్తాను. ఎదురింటివారిని పిలిచి తెర చూపిస్తాను, వారు వద్దన్న కిటికీని, పెరటిని రికార్డరు మెనూలోనే నల్లగా మూసి, ఆ తర్వాతే నిచ్చెన తీస్తాను.