జనవరి నీటిపక్షుల లెక్క: అపోహలు - వాస్తవాలు

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చెరువులకు కొదవ లేదు, లెక్కపెట్టే మనుషులకే కరువు. లెక్కకు రమ్మంటే ఎక్కువగా వినిపించే మాటలివి.

అపోహ: పక్షులన్నీ గుర్తుపట్టగలిగితేనే రావాలి.

ఒకరు చూసి అంకె చెబుతుంటే ఇంకొకరు రాసుకుంటారు. రాసేవారికి పేర్లన్నీ తెలియనక్కర్లేదు. దూరాన ఉన్నది ఏ బాతో తేలకపోతే ‘బాతు, జాతి తెలియదు, 40’ అని రాస్తే సరిపోతుంది. ఊహించి పేరు పెడితేనే చిక్కు. తెల్లకొంగల దగ్గర తప్పులెక్కువ. ముక్కూ కాళ్లూ నల్లగా, కాలివేళ్లు పసుపుగా ఉంటే చిన్న తెల్లకొంగ. ముక్కు పసుపుగా ఉంటే నోటిగీత చూడండి. అది కంటిని దాటి వెనక్కి పోతే పెద్ద తెల్లకొంగ, కంటి కిందే ఆగితే మధ్యరకం. గేదెల వెంట తిరిగే పొట్టిమెడది పశువుల కొంగ.

అపోహ: అన్నీ సైబీరియా నుంచే వస్తాయి, వాటినే లెక్కించాలి.

నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప అనే చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు మన దేశపువే. నీళ్లను బట్టి, మేతను బట్టి తావు మారుస్తాయంతే. చలికి దిగేవి సూదితోక బాతులు, ఉల్లంకుల (శాండ్‌పైపర్ల) లాంటివి. గణనకు రెండూ కావాలి, రోజూ కనిపించే గుడ్డికొంగతో సహా.

అపోహ: పెద్ద గుంపైతే ‘వేలల్లో’ అని రాసేయొచ్చు.

ముందు 50 పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించండి. అవి ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకుని, అలాంటి ముక్కలు గుంపులో ఎన్ని పడతాయో చూడండి. 12 పడితే 600. సాధారణంగా ఈ అంకె ఉన్నదానికంటే తక్కువే వస్తుంది. గుంపు అంచున పలచగా, నడుమ చిక్కగా ఉంటుంది, కొత్తవాళ్లేమో అంచు ముక్కతోనే అంతా కొలుస్తారు. పలచని చోటుకొక ముక్క, చిక్కని చోటుకొక ముక్క తీసుకుని, రెండో చివర నుంచి మళ్లీ లెక్కించండి. రెండు అంకెలకూ బాగా తేడా వస్తే మూడోసారి తప్పదు. ఫొటో కోసం గుంపును లేపితే పక్క చెరువులో వాలుతుంది, అక్కడి జట్టు మళ్లీ లెక్కేస్తుంది.

పొద్దు వీపు వెనక ఉండాలి. ఉదయం పడమటి ఒడ్డున నిలబడితే ఎండ కళ్లలో పడి ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది. బైనాక్యులర్స్ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి) చాలు, ఇంకా పెద్దవైతే చేయి వణుకు కూడా పెద్దదవుతుంది.

అపోహ: చెరువు నిండితే పక్షులన్నీ అక్కడే.

ఈశాన్య రుతుపవనాలకు నిండిన చెరువులో బాతులు, బొల్లికోళ్లు (కూట్‌లు) నడుమ తేలుతుంటాయి. బురదలో ముక్కు పొడిచే ఉల్లంకులకు ఒడ్డున చోటుండదు. అవి ఉప్పు మడులకో, నీళ్లు తీసేసిన రొయ్యల గుంటలకో పోతాయి. గుంట గట్టు ఎక్కే ముందు కాపలా మనిషిని అడగండి. టపాకాయలు పేల్చి పక్షులను తోలుతుంటే అదీ రాయండి. పెన్న మొగ (నది సముద్రంలో కలిసే చోటు) లాంటి చోట్లకు పోటు వేళకే వెళ్లాలి. నీరు ఎక్కినప్పుడు పక్షులు మిగిలిన ఇసుక దిబ్బ మీద గుంపుగా దొరుకుతాయి, ఆటు వేళ బురదంతా చెదిరిపోతాయి.

అపోహ: పక్షులే లేవు, ఇక రాసేదేముంది?

సున్నా అని రాయాలి. కాగితం ఇవ్వకపోతే ఆ చెరువుకు ఎవరూ వెళ్లలేదనే అనుకుంటారు. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎంతసేపు చూశారు, నీటిమట్టం ఎంత, గుర్రపుడెక్క ఎంత మేర కప్పింది, వలలున్నాయా అన్నవి కూడా అదే కాగితంలో ఉండాలి. ఏ ఒడ్డున నిలబడ్డారో మాత్రం మరవకండి. వచ్చే జనవరిలో వెళ్లే జట్టు కూడా అక్కడే నిలబడాలి.