ఎలుకల మందు కేసుల్లో రక్త పరీక్ష: వివాదం ఎక్కడ మొదలైంది?

ఎలుకల మందు ఒంట్లోకి చేరిన రోగికి రక్తం గడ్డకట్టే తీరును చూపే ప్రోథ్రాంబిన్ టైమ్ పరీక్ష సరిపోతుందా, లేక రక్తంలో విషం ఎంత ఉందో నేరుగా కొలవాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. రక్తం గడ్డకట్టకుండా చేసి ఎలుకలను చంపే పాత మందు వార్ఫరిన్ పుట్టుక అందరికీ తెలిసిన కథే. వివాదానికి బీజం పడింది మాత్రం 1970లలో, వార్ఫరిన్‌కు లొంగని ఎలుకల కోసం బ్రోడిఫాకమ్ వంటి రెండో తరం మందులు వచ్చినప్పుడు. ఈ మందు కాలేయంలో వారాలు, ఒక్కోసారి నెలల తరబడి తిష్ఠ వేసి, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన విటమిన్‌-కె తిరిగి తయారు కాకుండా అడ్డుకుంటుంది. పైగా వార్ఫరిన్ కోసం చేసే పరీక్షకు ఇది దొరకదు.

ఆ లోపం ఎంత పెద్దదో 2018లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో బయటపడింది. ఎలుకల మందు కలిసిన కల్తీ సింథటిక్ (కృత్రిమ రసాయన) గంజాయి పీల్చిన 150 మందికి పైగా మూత్రంలో నెత్తురు, పక్కటెముకల కింద నొప్పి వంటి లక్షణాలతో ఆసుపత్రుల్లో చేరారు. పియోరియాలోని ఒక ఆసుపత్రి వైద్యులు 15 మంది రక్తాన్ని పరీక్ష చేయించగా అందరిలోనూ బ్రోడిఫాకమ్ కనిపించింది, వార్ఫరిన్ ఒక్కరిలోనే ఉంది. వార్ఫరిన్ ఒక్కదాని కోసమే వెతికి ఉంటే మిగతా 14 మందికీ ‘విషం లేదు’ అన్న నివేదికే వచ్చేది.

విషాన్ని నేరుగా కొలిచే పరీక్షలో, ద్రవ క్రొమటోగ్రఫీ అనే పద్ధతితో వేరుచేసిన అణువులను మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రం తూకం వేసినప్పుడు, బ్రోడిఫాకమ్‌లోని బ్రోమిన్‌కు రెండు ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న రూపాలు) ఉండడం వల్ల అణుభారం 521, 523 దగ్గర దాదాపు సమానమైన జంట శిఖరాలు కనిపిస్తాయి. ఇంత స్పష్టమైన ఆనవాలును గడ్డకట్టే పరీక్ష ఇవ్వలేదు.

ఫలితం రావడానికి రోజులు పడుతుందనీ, అంతవరకు చికిత్స ఆపలేమనీ కొందరు వైద్యులు అంటారు. చికిత్స మొదలుపెట్టే విషయంలో ఆ మాట నిజమే. అసలు చిక్కు ఆపడంలో ఉంది. విటమిన్‌-కె మాత్రలు వాడుతున్న రోగికి ప్రోథ్రాంబిన్ టైమ్ మామూలుగా ఉన్నంత మాత్రాన విషం పోయిందని చెప్పలేం. మాత్రలు ఆపాక మళ్లీ రక్తస్రావం మొదలయ్యే ప్రమాదం ఉంది. రక్తంలో విషం మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల కంటే తగ్గిందని కొలిచి చూశాక ఆపడం భద్రమన్నది కొలత కోరేవారి వాదన. కలుషిత గంజాయి వాడినవారు రక్తదానం చేసిన ఉదంతాలు కూడా 2018లోనే వెలుగులోకి వచ్చి, అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిక జారీ చేయడంతో ఆ వాదనకు బలం పెరిగింది. 2021 చివర్లో ఫ్లోరిడాలోని టాంపా ప్రాంతంలో ఇదే కల్తీ మళ్లీ కనిపించింది.

మన వరి పొలాల్లో ఎరగా పెట్టే బ్రోమాడయోలోన్ కూడా బ్రోడిఫాకమ్ కుటుంబానికి చెందినదే. అంగళ్లలో దొరికే పసుపు భాస్వరం పేస్టు, జింక్ ఫాస్ఫైడ్ వేరే జాతి విషాలు కాబట్టి, రోగి మింగినది ఏ మందో డబ్బా చూపి చెప్పే మనిషి లేనప్పుడు, ప్రోథ్రాంబిన్ టైమ్ పెరగడానికి కారణం బ్రోమాడయోలోనా, లేక భాస్వరం వల్ల దెబ్బతిన్న కాలేయమా అన్నది ఆ పరీక్ష ఒక్కటే తేల్చలేదు.